ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఎవరి శ్రమ?

కచేరీలో గాయని గొంతును మైదానం చివరి వరుస దాకా స్పష్టంగా చేర్చేది సౌండ్ ఇంజనీర్. మృదంగం మైకులోకి వయొలిన్ చొరబడకుండా, మానిటర్ కూత పెట్టకుండా, పల్లవికి ఒకలా, తని ఆవర్తనానికి ఒకలా ఫేడర్లు కదుపుతారు. ఎంత చెవి కావాలి దీనికి!

2012లో వచ్చిన బెహ్రింగర్ ఎక్స్‌32 లాంటి డిజిటల్ మిక్సర్లు ఈ పనితనాన్ని ఫైలుగా దాచే వీలును చిన్న బృందాలకూ తెచ్చాయి. ప్రతి చానెల్ ఈక్యూ, కంప్రెసర్, ఎఫెక్టులు, పాటపాటకూ మారే సీన్లు ఒక పెన్‌డ్రైవ్‌లో ఇమిడిపోతాయి. ఆ గొంతు ఏ స్థాయిలో గరుకెక్కుతుందో రిహార్సల్స్‌లో విని విని పట్టుకున్న పని అది. హాలు మారితే సరిదిద్దుకోవాలి, నిజమే. పునాది మాత్రం అదే.

ఇంజనీర్‌కు ఒక్కరోజు కూలి ఇచ్చి, ఆ ఫైలును మరుసటి ఊళ్లో మరొకరి చేత నడిపించుకోవడం అన్యాయం. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ గేయ రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ హక్కును గట్టిపరిచింది. మిక్సింగ్ చేసేవారి ఊసు అందులో లేదు. కాబట్టి రక్షణ ఒప్పందంలోనే ఉండాలి. ప్రోగ్రామింగ్‌కు వేరుగా, ప్రదర్శనకు వేరుగా డబ్బు కట్టాలి. ఫైలు ఎవరిదో, మళ్లీ వాడితే ఎంతో తేల్చుకోవాలి. నిర్వాహకులారా, అడ్వాన్సు ఇచ్చేటప్పుడే ఆ నాలుగు వాక్యాలు కాగితం మీద పెట్టండి.