రెండో చెవిని కూడా లెక్కలోకి తీసుకుంటే

అంకవన్నె చెవిలో సుమారు మూడు మిల్లీమీటర్లు మాత్రమే ఉండే ఎముక. మనిషి ఒంట్లో అంతకన్నా చిన్న ఎముక లేదు. ఓటోస్క్లెరోసిస్ అనే జబ్బు వస్తే అది బిగుసుకుపోతుంది, కర్ణభేరి అదిరినా ఆ అదురు లోపలి చెవికి సరిగా చేరదు. 1956 మే 1న అమెరికాలోని మెంఫిస్‌లో జాన్ షే అనే సర్జన్ ఒక మహిళ చెవిలో ఆ ఎముకను తీసేసి, టెఫ్లాన్‌తో చేసినదాన్ని అమర్చారు. తర్వాత ఈ ఆపరేషన్ ఎంతో మెరుగుపడింది. చేయి తిరిగిన సర్జన్ చేస్తే పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి ఫలిస్తుంది.

ఫలించిందని తేల్చేది ఆడియోగ్రామ్. శబ్దం గాలి ద్వారా ఎంత వినిపిస్తోందో, పుర్రె ఎముక ద్వారా ఎంత వినిపిస్తోందో విడివిడిగా కొలుస్తారు. ఆ రెంటికీ మధ్య తేడా 10 డెసిబెల్స్ లోపుకు దిగితే విజయం కింద రాసుకుంటారు.

అయినా కొందరు పేషెంట్లు "పెద్ద తేడా ఏమీ తెలియడం లేదండీ" అంటారు. వాళ్ల మాటను ఉత్త అసంతృప్తి అని కొట్టిపారేయడం అన్యాయం. బెల్‌ఫాస్ట్‌లో గోర్డన్ స్మైత్, ప్యాటర్సన్ అనే పరిశోధకులు 1985లో ఈ సంగతినే పట్టించుకున్నారు. ఆపరేషన్ చేసిన చెవి 30 డెసిబెల్స్‌కో అంతకన్నా మెరుగైన స్థాయికో (అంకె ఎంత తక్కువైతే వినికిడి అంత మెరుగు) రావాలి, లేదా రెండో చెవితో తేడా 15 డెసిబెల్స్ లోపుకైనా దిగాలి. అప్పుడే పేషెంటుకు మేలు తెలిసే అవకాశం ఎక్కువని వాళ్లు తేల్చారు.

ఒకరికి కుడి చెవి 60 డెసిబెల్స్ దగ్గర, ఎడమ చెవి 10 దగ్గర ఉన్నాయనుకుందాం. ఆపరేషన్‌తో కుడి చెవి 35కి వచ్చింది. కాగితం మీద 25 డెసిబెల్స్ లాభం! కానీ ఆ మనిషి మాటలు వినేది ఇప్పటికీ ఎడమ చెవితోనే. రెండు చెవులూ 60 దగ్గరే ఉన్నవారికి అదే లాభం దక్కితే, ఇంట్లోవాళ్లు గొంతు పెంచాల్సిన అవసరం ఆ మేరకు తగ్గిపోతుంది.

పైగా సర్జన్లు ముందు ఎక్కువ దెబ్బతిన్న చెవికే ఆపరేషన్ చేస్తారు. అంకవన్నె ఆపరేషన్‌లో వందలో సుమారు ఒకరికి ఆ చెవి పూర్తిగా పోయే ప్రమాదం ఉంది, కాబట్టి మంచి చెవి జోలికి ముందుగా వెళ్లరు. ఆ జాగ్రత్త సబబే. అయితే రెండు చెవులకూ మధ్య ఎడం ఎక్కువగా ఉంటే, తేడా తెలియాలంటే ఆ చెవి చాలా దూరం రావాలి.

1991లో గ్లాస్గోలో బ్రౌనింగ్, గేట్‌హౌస్, స్వాన్ అనే పరిశోధకులు రెండు చెవుల స్థాయినీ ఒకే గ్రాఫ్ మీద గీసి చూపించే పద్ధతిని ప్రతిపాదించారు. ఆపరేషన్‌కు సంతకం పెట్టకముందే ఆ గ్రాఫ్‌ను పేషెంటు ముందు పెట్టి, ఆపరేషన్‌కు బదులు హియరింగ్ ఎయిడ్‌తో ఎంత వినిపిస్తుందో కూడా పక్కనే చెప్పాలి.