కొట్టు వెనక గదిలో సర్వర్

ఆటోనగర్‌లో ఇంజన్ విప్పే మెకానిక్‌కి ఉన్న పేరు, స్పేర్ పార్ట్స్ కొట్టు వెనక గదిలో సర్వర్ చూసే కుర్రాడికి లేదు. పనితనంలో మాత్రం తీసిపోడు.

2024 జూన్ 30తో సెంటాస్ 7 ఆపరేటింగ్ సిస్టమ్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగాయి. బిల్లింగ్ దాని మీదే నడుస్తుంటే మార్చక తప్పదు. మంచి పనివాడు బ్యాకప్ తీసి ఊరుకోడు. వేరే మెషీన్‌లోకి ఎక్కించి, పాత బిల్లొకటి తెరిచి, మొత్తం సరిచూస్తాడు. చాలామంది ఎగ్గొట్టేది ఇక్కడే. ఆల్మాలినక్స్ వాళ్ల అప్‌గ్రేడ్ టూల్ ఎలివేట్‌తో ముందస్తు తనిఖీ నడిపితే, అప్‌గ్రేడ్ మొదలుకాకుండానే రిపోర్టు వస్తుంది: కొత్త కెర్నెల్‌లో తీసేసిన డ్రైవర్ ఇదీ, అడ్డుపడే సెట్టింగ్ అదీ అని. అడ్డంకులన్నీ తీరేదాకా మళ్లీ మళ్లీ నడుపుతాడు. ఆ ఓపికకే నా దండం.

ఇక అసలు అప్‌గ్రేడ్‌కి, షట్టర్ దించాక, యూపీఎస్ చూసుకుని, సర్వర్‌కి మానిటర్ నేరుగా తగిలించి కూర్చుంటాడు.

"ఎంతసేపయ్యా?" అంటాడు ఓనరు.

"రెండింటికల్లా లేవకపోతే పాతదే పెట్టేస్తానండీ. పొద్దున్నే బిల్లులు ఆగవు."