జప్తు నోటీసులోనే సాయం చిరునామా

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఎవరైనా రెండు నెలల పాటు ఇంటి రుణం వాయిదాలు కట్టలేకపోతే, అప్పిచ్చిన బ్యాంకు నేరుగా కోర్టుకు వెళ్లడానికి వీల్లేదు. ముందు ఇంటివారికి ఒక ఉత్తరం పంపాలి. దాన్ని అక్కడ ‘యాక్ట్ 91 నోటీసు’ అంటారు. బకాయి ఎంత, ఏ నెల నుంచి, కట్టకపోతే ఏం జరుగుతుంది అన్న వివరాలు అందులో ఉంటాయి. అవి ఏ దేశంలో ఏ బ్యాంకు నోటీసు తీసినా కనిపించేవే. మిగతా భాగాన్ని మాత్రం నిదానంగా చదవాలి. మీ చేతిలో లేని కారణం వల్ల వాయిదాలు కట్టలేకపోతున్నారా, అయితే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ మీకు సాయపడవచ్చు, 33 రోజుల్లోగా ఈ కింది కౌన్సెలింగ్ సంస్థల్లో ఒకదాన్ని కలవండి అని చెప్పి, ఆ కౌంటీలో ఉన్న సంస్థల జాబితాను నోటీసు తనతోపాటే తెస్తుంది. ఇంగ్లిష్ రానివారి కోసం, ఇది మీ ఇంటికి సంబంధించిన ముఖ్యమైన కాగితం, అర్థం కాకపోతే వెంటనే అనువాదం చేయించుకోండి అని స్పానిష్‌లోనూ ఉంటుంది.

ఈ ఉత్తరాన్ని అచ్చు వేయించి, స్టాంపు అంటించి పంపేది బ్యాంకే. చట్టాలు రాయడాన్ని ఒక పనితనంగా చూసే అలవాటున్నవారికి ఇక్కడే ఆగి చూడాలనిపిస్తుంది.

ఉద్యోగం పోయినవారి కోసం ఏ ప్రభుత్వం ఏ పథకం పెట్టినా మొదట తగిలే చిక్కు ఒకటే, అది వారిదాకా చేరదు. పత్రికల్లో ప్రకటనలు వేస్తారు, పోస్టర్లు అంటిస్తారు. జీతం ఆగిపోయిన ఇంట్లో మనుషులు అవన్నీ చూసే స్థితిలో ఉండరు. అయితే వాయిదా తప్పిన ప్రతి ఇంటి చిరునామా కచ్చితంగా తెలిసినవాడు ఒకడున్నాడు. అప్పిచ్చినవాడు. పెన్సిల్వేనియా శాసనకర్తలు ఆ సంగతి గమనించి, సాయం కబురు మోసుకెళ్లే పనిని అతనికే అప్పగించారు. ఆ కబురు పంపనిదే అతని దావా ముందుకు కదలదు కనుక, పంపడం అతనికీ అవసరమైంది. ప్రభుత్వం ఎవరినీ వెతుక్కుంటూ తిరగనక్కర లేకపోయింది.

మన దగ్గర ఇంటి రుణం తీసుకున్నవారికి 2002 నాటి సర్ఫేసీ చట్టం గురించి కొంతైనా తెలిసే ఉంటుంది. వాయిదా 90 రోజులు దాటిపోతే ఖాతా మొండి బాకీల్లో చేరుతుంది. ఆపైన 13(2) సెక్షన్ కింద నోటీసు వస్తుంది. 60 రోజుల్లో మొత్తం చెల్లించాలి, లేకపోతే ఇల్లు స్వాధీనం చేసుకుంటాం అని దాని సారాంశం. అభ్యంతరం ఉంటే రాసి పంపవచ్చు, బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. గడువు ఇవ్వడంలో మన చట్టం మరీ పిసినారితనం చూపలేదు. కానీ ఆ 60 రోజుల్లో ఎక్కడికి వెళ్లాలో ఆ కాగితం చెప్పదు. చెప్పడానికి అలాంటి చోటే లేదు.

పెన్సిల్వేనియాలో ఆ చోటు ఊరికే ఏర్పడలేదు. 1980ల మొదట్లో పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల మొనంగహీలా నది లోయలో ఉక్కు కర్మాగారాలు ఒకదాని తర్వాత ఒకటి పని తగ్గించుకున్నాయి. హోమ్‌స్టెడ్, డ్యూకేన్, మెకీస్‌పోర్ట్ లాంటి ఊళ్లలో తండ్రి, కొడుకు, అల్లుడు ఒకే మిల్లులో పనిచేసే కుటుంబాలు ఉండేవి. మిల్లు ఆగితే ఇంటిల్లిపాది ఆదాయమూ ఒకేసారి ఆగేది. 1982 చివరికి దేశం మొత్తం మీద నిరుద్యోగం 10.8 శాతానికి చేరింది, ఆ లోయలో అంతకన్నా చాలా ఎక్కువ. పెన్సిల్వేనియాలో జప్తయిన ఇంటిని వేలం వేసేది ఎన్నికైన అధికారి, కౌంటీ షెరీఫ్. 1983 జనవరిలో పిట్స్‌బర్గ్ ఉన్న అలెఘెనీ కౌంటీ షెరీఫ్ యూజీన్ కూన్, పని పోయినవారి ఇళ్లను తాను వేలం వేయనన్నారు. న్యాయమూర్తి నికొలస్ పాపడాకోస్ ఆ వేలాలను కొంతకాలం నిలిపివేశారు. నిరుద్యోగుల సంఘాలు వేలం జరిగే చోట గుమిగూడి ఒత్తిడి తేవడం వల్లే ఇదంతా సాధ్యమైంది.

షెరీఫ్ చేసింది ధైర్యమైన పని. అయితే వేలం ఆపితే అప్పు ఆగదు. ఆగిన ప్రతి నెలా బకాయిలో కలిసిపోతుంది, ఆరు నెలల తర్వాత ఉద్యోగం దొరికినా ఆరు నెలల బాకీ ఒక్కసారిగా కట్టగలిగేవాళ్లు ఎందరు? 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా రిజర్వు బ్యాంకు మారటోరియం ఇచ్చినప్పుడు మనవాళ్లకూ ఇది అనుభవమే. వాయిదా వాయిదా పడింది గానీ వడ్డీ పెరుగుతూనే వచ్చింది. పెన్సిల్వేనియా శాసనసభ వేలాల నిలుపుదలతో సరిపెట్టుకోలేదు. 1983 డిసెంబరులోనే 91వ చట్టాన్ని చేసింది, గవర్నర్ డిక్ థార్న్‌బర్గ్ సంతకం చేశారు. ఇంటి యజమానుల అత్యవసర రుణ సహాయ పథకం అలా పుట్టింది. ఇంగ్లిష్ పేరులోని పొడి అక్షరాలు కలిపి దాన్ని ‘హెమాప్’ అంటారు. హారిస్‌బర్గ్‌లోని రాష్ట్ర గృహ రుణ సంస్థ దాన్ని నడుపుతుంది.

లెక్క ఎలా కట్టారో చూద్దాం. ఒక కుటుంబానికి నెలకు 900 డాలర్ల వాయిదా ఉందనుకుందాం. ఉద్యోగం పోయి, నిరుద్యోగ భృతి మీద చేతికి వచ్చేది 1,500. ఇంటి మీద పెట్టే మొత్తం ఖర్చు ఆ ఆదాయంలో 40 శాతం, అంటే 600 డాలర్లు దాటకూడదన్నది పథకం గీసిన గీత. కరెంటు, గ్యాసు, నీటి బిల్లుల లాంటివి 200 అయితే, వాయిదాకి ఆ కుటుంబం ఇవ్వగలిగేది 400. మిగతా 500 పథకం భరిస్తుంది. కుటుంబం తన 400 బ్యాంకుకు కట్టదు, గృహ రుణ సంస్థకు కడుతుంది. ఆ సంస్థ తన వాటా కలిపి మొత్తం 900 బ్యాంకుకు పంపుతుంది. ఆదాయం ఎంత పడిపోయినా నెలకు కనీసం 25 డాలర్లు కుటుంబం కట్టాల్సిందే.

ఆ 25 డాలర్ల గురించి నేను చాలాసేపు ఆలోచించాను. ఏ లెక్కలోనూ అది పెద్ద మొత్తం కాదు, వసూలు చేసే ఖర్చు పోతే మిగిలేది ఎంతో! అయినా ఉంచారు. నెల నెలా తన ఇంటికి తానే ఎంతో కొంత కట్టే మనిషికి ఆ ఇల్లు తనదన్న పట్టు సడలదని చట్టం రాసినవారికి తెలుసని నా నమ్మకం. ఇక డబ్బు సంస్థ ద్వారా పోవడం వల్ల మరో మేలుంది. బ్యాంకుకు సగం వాయిదా రావడం, మిగతా సగం కోసం తగువు పడటం అన్న మాటే రాదు. దానికి ప్రతి నెలా నిండు వాయిదా అందుతుంది. పాత బకాయి కూడా మొదట్లోనే తీర్చేస్తారు. ఆ కుటుంబాన్ని వెళ్లగొట్టాల్సిన కారణమేదీ బ్యాంకుకు మిగలదు.

పాత బకాయి తీరిస్తే చాలు, మళ్లీ ఉద్యోగం దొరికింది అన్నవారికి ఒక్కసారి సాయం చేసి వదిలేస్తారు. ఇంకా దొరకనివారికి నెల నెలా కొనసాగిస్తారు. ఏదైనా 24 నెలలకు, లేదా 60,000 డాలర్లకు, ఏది ముందైతే దానికి పరిమితం. రాష్ట్రంలో నిరుద్యోగం 6.5 శాతానికి చేరినప్పుడు మాత్రం ఆ 24 నెలలు 36 అవుతాయి. ఇదొక్కటి విడిగా చెప్పుకోదగ్గ పనితనం. ఉద్యోగాలు లేని కాలంలో మనిషి ఎక్కువ నెలలు వెతకాల్సి వస్తుందన్నది అందరికీ తెలిసిందే. ఆ తెలిసిన సంగతిని చట్టంలో ముందే బిగించి పెట్టారు. సంక్షోభం వచ్చాక సభ పెట్టి, గడువు పొడిగించాలా వద్దా అని వాదులాడుకోవాల్సిన పని లేదు.

ఇదంతా ఉచితంగా ఇచ్చేది కాదు, అప్పు. ఇంటి మీద రెండో తాకట్టుగా నమోదవుతుంది. కుటుంబం కోలుకున్నాక ఆదాయాన్ని బట్టి తిరిగి కడుతుంది, ఆ వచ్చిన డబ్బు మళ్లీ మరో కుటుంబానికి వెళుతుంది. కష్టంలో ఉన్నవాడికి అప్పు మీద అప్పేమిటని మొదట నాకూ అనిపించింది. కానీ అప్పు కావడం వల్లే ఈ పథకం ప్రభుత్వాలు మారినా నిలబడింది. 1983 నుంచి 2010 దాకా 40,000కు పైగా కుటుంబాలు దీనివల్ల సాయం పొందాయి. అవన్నీ ఊరికే ఇచ్చిన డబ్బులైతే ఏటా బడ్జెట్ కత్తెరకు ఎప్పుడో బలయ్యేవి.

గడువుల అమరిక మరో అందం. మంచి వడ్రంగి పనిలో ఒక చెక్క నాలుక రెండో చెక్క గాడిలో సందు లేకుండా కూర్చున్నట్టు, ఇక్కడ ఒక గడువు ముగిసే చోట మరొకటి మొదలవుతుంది. నోటీసు వచ్చిన 33 రోజుల్లోగా కౌన్సెలింగ్ సంస్థను కలిస్తే బ్యాంకు చేతులు కట్టుకుని ఉండాలి. కలిసిన 30 రోజుల్లోగా ఆ సంస్థ దరఖాస్తు నింపి హారిస్‌బర్గ్‌కు పంపాలి. అక్కడివారు 60 రోజుల్లోగా తేల్చాలి. ఈ కాలమంతా బ్యాంకు దావా వేయకూడదు. దరఖాస్తు ఎలా నింపాలో, ఏ కాగితాలు జతచేయాలో కౌన్సెలింగ్ సంస్థవాళ్లే దగ్గరుండి చూస్తారు, రుసుము లేదు. మరి భయంతోనో దిగులుతోనో ఎవరైనా ఆలస్యం చేస్తే? బ్యాంకు దావా వేసుకోవచ్చు. కానీ షెరీఫ్ వేలానికి ముందు ఎప్పుడు దరఖాస్తు మంజూరైనా జప్తు ఆగిపోతుందని నోటీసే చెబుతుంది. తలుపు మూసేముందు ఒక రెక్క తీసి ఉంచారు. ఆపదలో ఉన్న మనుషులు వేళకు స్పందించలేరని ఎరిగినవారు రాసిన వాక్యమది.

దీని విలువ 2010 తర్వాత మరింత బాగా తెలిసింది. ఇళ్ల ధరలు కూలి లక్షల మందికి పని పోయినప్పుడు, డాడ్-ఫ్రాంక్ చట్టంలో అమెరికా కాంగ్రెస్ ఇలాంటి సాయానికే 100 కోట్ల డాలర్లు కేటాయించింది. ఒక్కో కుటుంబానికి 50,000 డాలర్ల దాకా, వడ్డీ లేకుండా. పెన్సిల్వేనియా, కనెటికట్, డెలవేర్, ఐడహో, మేరీలాండ్ రాష్ట్రాలకు తమ సొంత పథకాల ద్వారా ఖర్చు పెట్టుకునే వీలిచ్చారు. మిగతా రాష్ట్రాల్లో కేంద్రమే కొత్తగా యంత్రాంగం కట్టుకోవాల్సి వచ్చింది. దరఖాస్తులు 2011 వేసవిలో మొదలయ్యాయి. మంజూరుకు ఆఖరి తేదీ ఆ సెప్టెంబరు 30. మొత్తం నిధిలో దాదాపు సగం ఎవరికీ అందకుండానే తిరిగి వెళ్లిపోయింది. ఇళ్లు పోతున్నవారు వీధి వీధినా ఉన్నారు, డబ్బు ఖజానాలో ఉంది, రెండిటినీ కలిపే ఉత్తరం, కౌన్సెలింగ్ సంస్థ, గడువుల లెక్క మాత్రం వేసవిలో మొదలుపెట్టి సెప్టెంబరుకల్లా తయారుచేయగలిగినవి కావు.

విచిత్రంగా అదే 2011లో పెన్సిల్వేనియా తన పథకానికి బడ్జెట్‌ను కోసేసింది. జూలై నుంచి కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆగిపోయింది. అంత పనితనంతో కట్టినదాన్ని ఒక్క బడ్జెట్ పద్దు మూయించగలిగిందంటే బాధ కలుగుతుంది. నిధి కోసం ఏటా శాసనసభ వైపు చూడాల్సి రావడం ఈ కట్టడంలో ఉన్న బలహీనత, దాన్ని దాచనక్కర లేదు. మరుసటి ఏడాది పెద్ద బ్యాంకులు జప్తు పత్రాల్లో చేసిన అక్రమాలపై రాష్ట్రాలతో రాజీ పడి డబ్బు చెల్లించాయి. పెన్సిల్వేనియాకు వచ్చిన 6.65 కోట్ల డాలర్లలో 90 శాతం ఈ పథకానికే చేరేలా శాసనసభ చట్టం చేసింది. హెమాప్ మళ్లీ తెరుచుకుంది.

మరో లోటు కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎఫ్‌హెచ్‌ఏ బీమా ఉన్న ఇంటి రుణాలకు ఈ సాయం వర్తించదు. మొదటిసారి, తక్కువ డబ్బు చేతబట్టుకుని ఇల్లు కొనేవారు ఎక్కువగా తీసుకునేది ఆ రుణాలే. వాటికి వేరే రక్షణలు ఉన్నాయన్న వాదన నేను విన్నాను గానీ, నెల నెలా వాయిదా పంపే చేయి వాటిలో లేదు.

అన్నిటికన్నా కష్టమైన పని చట్టంలోని ఒక షరతు దగ్గర ఉంది. సాయం గడువు ముగిసేలోగా ఈ మనిషి మళ్లీ పూర్తి వాయిదా కట్టే స్థితికి వస్తాడన్న ఆశకు సహేతుకమైన ఆధారం ఉండాలి. యాభై ఏళ్ల ఉక్కు కార్మికుడికి మిల్లు మూతపడ్డాక పని దొరుకుతుందా? పిల్లల్ని ఒంటరిగా పెంచుతున్న తల్లి కోర్సు పూర్తిచేసి నర్సు కాగలదా? దీన్ని ఏ శాతంతోనూ తేల్చలేరు. అందుకే కాదన్నప్పుడు కారణం రాసి చెప్పాలన్నారు. ఆపైన 15 రోజుల్లో విచారణ కోరవచ్చు. అక్కడా న్యాయం జరగలేదనుకుంటే రాష్ట్రంలోని కామన్‌వెల్త్ కోర్టుకు వెళ్లవచ్చు. 1980ల నుంచీ ఆ కోర్టు తీర్పుల సంపుటాల్లో ఇలాంటి కేసులు చాలా ఉన్నాయి. వాటిలో వేతనం, భృతి, ఇంటి ఖర్చులు లెక్కగట్టి, ఈ కుటుంబం కోలుకోగలదా లేదా అని న్యాయమూర్తులు వాదించుకున్నారు.