పిలుపు ఎవరిది? – 'జేన్ ఐర్'లో స్వార్థమూ సమర్పణా

థీసిస్ ఆఖరి అధ్యాయం రాస్తున్న ఏడాది, మా ఊరి చర్చిలో వేసవి వి.బి.ఎస్. బాధ్యత తీసుకోలేనని చెప్పాను. అంతకు ముందు ఆరేళ్లు పిల్లలకి పాటలూ వాక్యాలూ నేర్పింది నేనే. స్త్రీల సమాజంలో పెద్దావిడ ఒకరు నా చెయ్యి పట్టుకుని మెల్లగా అన్నారు, "చదువు నీ కోసం అమ్మా, సేవ ప్రభువు కోసం. ఏది ముందో నువ్వే ఆలోచించుకో" అని. ఆమెది దురుద్దేశం కాదు. నేనంటే ఆమెకి ప్రేమే. అందుకే ఆ మాట ములుకులా దిగింది. అదే నెలలో మా తమ్ముడికి బెంగుళూరులో ఉద్యోగం వస్తే ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టారు. వాడు ఆరాధనకి వచ్చి ఎన్నాళ్లయిందో ఎవరూ అడగలేదు. వాడి ఉద్యోగం దేవుని దీవెన. నా డాక్టరేటు నా స్వార్థం. ఈ లెక్క ఎవరు వేశారు?

ఆ ప్రశ్న పట్టుకునే 'జేన్ ఐర్' మళ్లీ చదివాను. ఎం.ఏ.లో మాకు దాన్ని ప్రేమకథగా చెప్పారు. రోచెస్టరు, అటకమీద బంధించిన భార్య, మంటలు – ఇవే పరీక్షకి వచ్చే ప్రశ్నలు. సెయింట్ జాన్ రివర్స్ అధ్యాయాలు ఒక్క పీరియడ్‌లో అయిపోయాయి. కానీ క్రైస్తవ కుటుంబంలో పెరిగిన ఆడపిల్లకి ఈ నవలలో అసలు ఉచ్చు అక్కడే ఉంది.

షార్లట్ బ్రాంటీ చర్చి ఫాదరీ కూతురు. 1847లో మగపేరు లాంటి కరర్ బెల్ పేరుతో ఈ నవల అచ్చువేసింది. ఇందులో ఇద్దరు మతాధికారులున్నారు. మొదటివాడు బ్రాకిల్‌హర్స్ట్, లోవుడ్ అనాథ బాలికల స్కూలు పెత్తందారు. మాడిపోయిన గంజి తినలేకపోయిన పిల్లలకి టీచరు రొట్టె, చీజు పెట్టించిందని, శరీరాలకి మేపి ఆత్మలని మాడుస్తున్నావని తిడతాడు. పిల్లల జుట్టు కత్తిరించమని ఆజ్ఞాపిస్తుండగానే అతని భార్యా కూతుళ్లూ పట్టూ వెల్వెట్టూ కట్టుకుని గదిలోకి వస్తారు. వీణ్ణి గుర్తుపట్టడం సులువు. ఇలాంటి వేషధారిని ఎండగట్టడానికి స్త్రీవాదం కూడా అక్కర్లేదు.

సెయింట్ జాన్ అలా కాదు. అతను నిజాయితీపరుడు. రోజమండ్ ఆలివర్ అనే ధనవంతుల అమ్మాయిని ప్రేమించి కూడా, మిషనరీ భార్యగా ఆమె నిలబడలేదని ఆ ప్రేమని వదులుకుంటాడు. సుఖం వదులుతాడు, ఊరు వదులుతాడు, ఇండియాకి వెళ్లి పనిచేసి పనిచేసి చావుకి దగ్గరవుతాడు. స్వార్థం అన్న మాట అతనికి ఎలా అంటుతుంది?

అతను జేన్‌ని అడిగే తీరులో అంటుతుంది. ఆమె మీద ప్రేమ లేదు, ఉందని అబద్ధం కూడా ఆడడు. ఇండియా పనికి ఆమె పనికొస్తుంది కనుక పెళ్లి చేసుకోవాలి. ముందు జర్మన్ మాన్పించి హిందూస్తానీ నేర్పిస్తాడు. తర్వాత పెళ్లి మాట ఎత్తుతాడు. జేన్ జవాబు మనం మర్చిపోకూడదు: ఆమె వెళ్లనని అనలేదు. చెల్లెలిగా, తోటి పనిమనిషిగా వస్తానంటుంది, భార్యగా రానంటుంది. సేవకి సరేనంది, తనని తాను చెరిపేసుకోవడానికి కాదంది. అది అతనికి చాలదు. నన్ను కాదనడం దేవుణ్ణి కాదనడమేనని తేలుస్తాడు. తర్వాత ఒక రాత్రి కుటుంబ ప్రార్థనలో ప్రకటన గ్రంథం ఇరవై ఒకటో అధ్యాయం తీసి, అవిశ్వాసులకీ పిరికివారికీ అగ్నిగుండంలో పాలుందన్న మాటలు ఆమెకి తగిలేలా చదువుతాడు. ప్రార్థనలో పేరెత్తకుండా దెప్పడం ఎలా ఉంటుందో మన కూడికల్లో కూచున్న ఆడవాళ్లకి నేను వివరించనక్కర్లేదు.

ఇక్కడ ఒక డబ్బు లెక్క చూడాలి. ఈ ఘట్టానికి కొంచెం ముందే జేన్‌కి మేనమామ కాదు, తండ్రివైపు బంధువైన జాన్ ఐర్ ఆస్తి ఇరవై వేల పౌన్లు వస్తుంది. ఆమె దాన్ని నాలుగు వాటాలు చేసి మూడు వాటాలు సెయింట్ జాన్‌కీ అతని ఇద్దరు చెల్లెళ్లకీ ఇచ్చేస్తుంది. ఎవరూ అడగలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. తన ఆస్తిలో మూడొంతులు పంచిన మనిషికి, ఆ వాటా అందుకున్నవాడే, నువ్వు నీ సుఖం చూసుకుంటున్నావని చెబుతాడు! బ్రాంటీ ఈ రెంటినీ పక్కపక్కన పెట్టడం యాదృచ్ఛికం అనుకోను. తనదైనదాన్ని తాను ఇవ్వడం సమర్పణ. సెయింట్ జాన్ తన ప్రాణం ఇచ్చినంతవరకు అతనిదీ సమర్పణే. జేన్ ప్రాణాన్ని కూడా తన కానుకలో కలిపి ఇవ్వబోయిన చోట అది స్వార్థం అయింది. దేవుడి పేరు మీద జరిగింది కాబట్టి అతనికే తెలియలేదు.

ఇది నవలల్లో ముచ్చట మాత్రమే కాదు. జేన్‌ని ఇండియాకి రమ్మన్నారు. ఇండియా నుంచి ఇంగ్లండుకి వెళ్లింది పండిత రమాబాయి. 1883లో వాంటేజ్‌లో బాప్తిస్మం తీసుకుంది. అక్కడి సిస్టర్ జెరల్డీన్‌తో ఆమె నడిపిన ఉత్తరాలు చదివితే ఈ నవలే గుర్తొస్తుంది. నమ్మాల్సిందేదో తన మనస్సాక్షే తేల్చుకుంటుందని, ఒక పురోహిత వర్గం కాడి దించుకుని ఇంకొకటి ఎత్తుకోనని రమాబాయి అంటే, సిస్టరుకి అందులో గర్వం కనిపించింది. ఆ 'గర్విష్టి' తర్వాత కేడ్గావ్‌లో ముక్తి మిషన్ నడిపింది, కరువులో దిక్కులేని ఆడపిల్లల్ని తెచ్చి సాకింది, 1922లో చనిపోయేదాకా బైబిల్‌ని మరాఠీలోకి అనువదిస్తూనే ఉంది. స్వచిత్తం ఆమె భక్తికి అడ్డురాలేదు, ఊతమైంది.

అయితే జేన్‌ని పూర్తిగా నెత్తిన పెట్టుకోలేను. గాయత్రీ స్పీవాక్ 1985లోనే ఈ నవల వెనక ఉన్న సామ్రాజ్యాన్ని చూపించింది. సెయింట్ జాన్ ప్రాణమిచ్చే ఇండియాలో ఒక్క మనిషికీ ముఖం లేదు, పేరు లేదు. మేమంతా అతనికి ఒక పొలం. ఆ పొలంలో మొలిచినదాన్నే మా నాయనమ్మ. ఆమె మిషన్ బడిలో అక్షరాలు నేర్చి బైబిల్ ఉమన్‌గా ఊరూరా తిరిగింది. అంటరానివాడ పిల్లకి ఆ రోజుల్లో మరెవరూ పలక ఇవ్వలేదు. వాక్యం చదవడానికి నేర్చుకున్న అక్షరాలతోనే భూమి కాగితాలు చదివింది, ఉత్తరాలు రాసింది, మా నాన్నని చదివించింది. ఆమె జీవితంలో ఏది సేవ, ఏది సొంతం అని విడదీయమంటే నాకు చేతకాదు. పొరుగువారిని నీలాగే ప్రేమించమన్న ఆజ్ఞలో కొలత 'నువ్వే' కదా. నువ్వనేదే లేకపోతే ఆ కొలత దేనికి?

థీసిస్ ఇచ్చేశాక మరుసటి వేసవి మళ్లీ వి.బి.ఎస్.కి వెళ్లాను. మార్త, మరియల కథ చెప్పాను. పనిలో సాయపడకుండా యేసు పాదాల దగ్గర కూచుని వింటోందని మార్త మరియ మీద ఫిర్యాదు చేస్తుంది. ఆయన మరియ పక్షాన నిలబడతాడు. ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె లేచి, "వాళ్లకి అన్నదమ్ముల్లేరా టీచర్?" అంది. ఉన్నాడమ్మా, లాజరు. యోహాను సువార్తలో ఇంకో విందులో కనిపిస్తాడు. మార్త వడ్డిస్తూ ఉంటుంది, లాజరు భోజనానికి కూచుని ఉంటాడు. అతన్ని స్వార్థపరుడని ఇప్పటిదాకా ఏ ప్రసంగంలోనూ నేను వినలేదు.