ముప్పై నాలుగు పళ్ళ సొగసు

అరవై దాటాక కొత్త రోడ్ బైక్ కొనడానికి వెళ్ళినవాళ్ళు ముందు రంగు చూస్తారు. తర్వాత ఓ చేత్తో ఎత్తి బరువు చూస్తారు. నేను మాత్రం బండికి కుడిపక్కన, వెనక చక్రం దగ్గర కూర్చుని క్యాసెట్ చూస్తాను. పళ్ళున్న పదకొండు చక్రాలు చిన్నదాని పక్కన పెద్దదిగా, సన్నటి సందులు వదులుతూ స్పోకుల వైపు విచ్చుకుంటూ పోతాయి. 11, 13, 15, 17, 19, 21, 23, 25, 27, 30, 34. సైకిల్ మొత్తంలో నా కంటికి ఇంతకంటే అందమైన భాగం లేదు. చిట్టచివరి 34 పళ్ళ చక్రం దగ్గరికి వచ్చేసరికి ఆ అందం నిండుకుండలా ఉంటుంది.

ఆ అంకెల వరసను నిదానంగా చదవండి. 15 నుంచి 17కి తేడా రెండు పళ్ళు. 30 నుంచి 34కి నాలుగు. కంటికి రెండోది పెద్ద అంగ. కాలికి మాత్రం రెండూ ఒకటే, ఎందుకంటే 15కి 17 ఎంతో 30కి 34 అంతే. మధ్యస్థాయిలో విన్న స్వరాల జంటే తారస్థాయిలో మళ్ళీ పలికినట్టుంటుంది. ఆ సంగీతపు పోలిక ఇక్కడితో ఆగదు. రాగం ఎంత పైకి పోయినా మంచి గాయకుడి కాలప్రమాణం చెదరదు. గేర్లున్నదీ అందుకే. దారి లేస్తుంది, చైన్ పెద్ద చక్రానికి మారుతుంది, పాదాల లయ మాత్రం అలాగే నిలిచిపోతుంది.

ముందు, పెడళ్ళ దగ్గర, 34 పళ్ళు, వెనక 34 పళ్ళు ఉంటే పెడల్ ఒక చుట్టు తిరిగినప్పుడు వెనక చక్రమూ సరిగ్గా ఒకే చుట్టు తిరుగుతుంది. బండి సుమారు 2.1 మీటర్లు జరుగుతుంది. ఒక తరం క్రితం రేసు బండ్లలో అన్నిటికన్నా తేలిక గేరు చాలాసార్లు ముందు 39, వెనక 25. దాంతో చుట్టుకు 3.3 మీటర్లు. శృంగవరపుకోట దాటి అనంతగిరి మీదుగా అరకు వెళ్ళే ఘాట్ రోడ్డు మీద గంటకు ఎనిమిది కిలోమీటర్లు పోతున్నారనుకోండి. పాత గేరులో నిమిషానికి 40 చుట్లు. ప్రతి చుట్టులోనూ మోకాలు మూలుగుతుంది. 34 మీద అదే వేగానికి 63 చుట్లు, ఒక్కో చుట్టుకు పెట్టాల్సిన బలం మూడో వంతుకు పైగా తక్కువ. కొండ అదే, మనిషీ అదే, ఎక్కడం మాత్రం వేరు.

వయసు ముందుగా పట్టుకుపోయేది దూకుడునే. కండరాల్లో ఒక్క ఊపున లాగే పోగులు ముందు సన్నబడతాయి. నెమ్మదిగా, ఎడతెగకుండా పనిచేసే పోగులు వాటికన్నా మెరుగ్గా నిలుస్తాయి. తేలిక గేరు ఈ సంగతి తెలిసిన స్నేహితుడిలా ప్రవర్తిస్తుంది. పోయిన బలాన్ని అడగదు, మిగిలిన ఓర్పును అడుగుతుంది. ఏ కళలోనైనా ఔచిత్యం అంటే ఇదే కదా! దీన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఈ ఔచిత్యాన్ని తొలి రోజుల్లోనే పసిగట్టిన రసికుడు ఫ్రాన్సులో సెంటెతియెన్ పట్టణంలో ఉండేవాడు. పేరు పాల్ ద వివీ, కలం పేరు వెలోసియో. 1853లో పుట్టాడు. సైకిళ్ళ మీద పత్రిక నడిపాడు. ఊరిని ఆనుకుని 1,161 మీటర్ల ఎత్తుకు లేచే రిపబ్లిక్ కనుమ మీద రకరకాల గేర్లు తొక్కి చూశాడు. తేలిక గేరు ఉంటే మామూలు మనిషి కూడా కొండ ఎక్కగలడని జీవితమంతా వాదించాడు. టూర్ ద ఫ్రాన్స్‌ను నెలకొల్పిన ఆన్రీ దెగ్రాంజ్ 1902లో దీన్ని కొట్టిపారేశాడు. గేర్లు మార్చుకోవడం నలభై ఐదు దాటినవాళ్ళకేనని, కండబలంతో గెలవడమే మేలని ఆయన అభిప్రాయం. 1937 దాకా టూర్‌లో పోటీదార్లను గేర్లు మార్చే డిరైలర్ వాడనివ్వలేదు. కొండ మొదట్లో రేసు వీరులు కిందికి దిగి, వెనక చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకునేవారు. వెలోసియో మాత్రం 1930లో, డెబ్బై ఆరేళ్ళ వయసులో పోయేదాకా సైకిల్ వదల్లేదు.

ఆ దిగడం, బిగించడం ఇప్పుడు ఒక్క వేలి కదలికలో అయిపోతోంది. 1989లో షిమానో కంపెనీ హైపర్‌గ్లైడ్ చక్రాలు తెచ్చాక గేరు మారడమే ఒక చూడదగిన దృశ్యమైంది. బండిని స్టాండ్ మీద నిలిపి, పెడల్ మెల్లగా తిప్పుతూ మీట నొక్కండి. డిరైలర్ చైన్‌ను లోపలికి ఒత్తుతుంది. పెద్ద చక్రం పక్క చెంప మీద చెక్కిన ఏటవాలు గాడి చైన్‌ను పైకి తీసుకుంటుంది. కింది చక్రం పళ్ళను చైన్ ఇంకా వదలకముందే దాని ముందు కొస పై చక్రం పంటిని అందుకుంటుంది. ఒక్క క్షణం చైన్ రెండు చక్రాల మీదా ఉంటుంది. టిక్కుమని సన్నటి చప్పుడు. అంతే.

లోపం లేదా అంటే ఉంది. 11 నుంచి 13కి మారినప్పుడు కాలికి కాస్త కుదుపు తెలుస్తుంది. అది ముందు 50 పళ్ళ మీద, గంటకు 40 కిలోమీటర్ల దరిదాపుల్లో వచ్చే ఇబ్బంది. గుంపులో రేసు చేసేవాళ్ళకు అది లెక్క. మన వయసుకు ఎత్తు మీద ఉన్న మెట్లు ముఖ్యం.

మిగతా ఎంపిక తేలిక. హ్యాండిల్ సీటు కన్నా మరీ కిందికి పోకుండా ఉండే ఎండ్యూరెన్స్ ఫ్రేమ్ తీసుకోండి. 28 లేదా 32 మిల్లీమీటర్ల టైర్లు పడతాయో లేదో చూడండి. షాపువాడు 28 పళ్ళ క్యాసెట్ చాలంటే ఒప్పుకోకండి. వెనక డిరైలర్ 34 పళ్ళను మోయగలదో లేదో అడిగి, కొనే ముందే మార్పించుకోండి.

దెగ్రాంజ్ నలభై ఐదు దాటినవాళ్ళకు వదిలేసిన ఆ వెసులుబాటునే ఇవాళ ఆయన టూర్‌లో ఆల్ప్స్ ఎక్కే పాతికేళ్ళ కుర్రాళ్ళు వెతుక్కుంటున్నారు. వాళ్ళలో చాలామంది బండ్లకు వెనక ఉన్నది 34 పళ్ళ చక్రమే. కాలం తీర్పు చెప్పేసింది. పెద్దరికం కనిపెట్టుకున్న సుఖాన్ని యౌవనం అరువు తెచ్చుకుంది. కాబట్టి మొహమాటం లేకుండా ఆ పెద్ద చక్రం ఉన్న బండే అడగండి. రంగు సంగతి తర్వాత.