కంతిలోని నీటి కదలిక: అంకెను ఎంతవరకు నమ్మవలెను?

అమలాపురములోని ఏ హైస్కూలు ప్రయోగశాలలోనైనను గ్లాసు నీటిలో సిరాచుక్క వేసినచో, కదపకయే అది నలుదిక్కుల వ్యాపించును. నిలిచిన నీటిలో సైతము అణువులు ఊరకుండవు. ఈ వ్యాపనమును కొలిచి, పురీషనాళమందలి క్యాన్సరు కంతిని శస్త్రచికిత్సకు ముందు పరీక్షించు ఎం.ఆర్.ఐ. పద్ధతి నేడు వాడుకలో నున్నది. దాని శక్తి ఎంత, పరిమితి ఎంత అను విచారణ అవసరము.

శరీరోష్ణమున స్వేచ్ఛగా నున్న నీటి అణువు సెకనులో ఇరువదవ వంతు కాలములో ఒక దిశకు సగటున సుమారు 17 మైక్రానులు జరుగును. కణములు కిక్కిరిసిన కంతిలో కణపొరలు అడ్డగించుటచే అంత దూరము పోజాలదు. స్థానమును బట్టి బలము మారు అయస్కాంత క్షేత్రమును క్షణకాలము ప్రయోగించి ఈ కదలికను కొలుచు మార్గమును 1965లో స్టెయ్‌స్కల్, టానర్ చూపిరి. 1980 దశకములో లె బిహాన్ దానిని శరీర చిత్రణకు తెచ్చెను. స్వేచ్ఛగా తిరుగు నీటి సంకేతము క్షీణించును; అడ్డుపడిన నీరు చిత్రమున ప్రకాశించును.

రేడియేషను చికిత్స పిమ్మట మిగిలినది మచ్చయా, కంతియా అని సాధారణ చిత్రములో తేల్చుట కష్టము. అచ్చట ఈ పద్ధతి మిక్కిలి ఉపకరించును.

కాని ప్రకాశించునదెల్ల క్యాన్సరు కాదు. ఆరోగ్యకరమైన లింఫు గ్రంథులును ప్రకాశించును. జిగురు నిండిన కంతిలో నీరు సులభముగా తిరుగును గనుక అంకె మోసగించవచ్చును. పురీషనాళములోని వాయువు చిత్రమును వంకర చేయును.

ఒక్క అంకె చాలదని, రక్తకేశనాళికల ప్రవాహము మున్నగువానిని వేరుపరచి పెక్కు అంకెలనిచ్చు ఉన్నత పద్ధతులు వచ్చినవి. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిన సి.ఆర్. రావు 1945లో నిరూపించిన హద్దు ఇచ్చట స్మరింపదగినది: ఉన్న దత్తాంశములనుండి పక్షపాతము లేని ఏ అంచనాయు ఒక మేరకు మించి కచ్చితము కాజాలదు. అదే సంకేతమునుండి ఎక్కువ అంకెలు రాబట్టినకొలది ఒక్కొక్కదాని అనిశ్చితి పెరుగును. పైగా యంత్రమును బట్టి విలువలు మారును.

శస్త్రవైద్యుని మొదటి ప్రశ్న వేరు. పురీషనాళమును చుట్టిన కొవ్వు పైపొరకు కంతి ఎంత దూరమున నున్నది? ఆ ఎడము 1 మిల్లీమీటరు మించనిచో, ముందుగా రేడియేషను, మందులు ఇచ్చుటను ఆలోచింతురు. ఈ దూరమును సూక్ష్మముగా తీసిన సాధారణ ఎం.ఆర్.ఐ. చిత్రమే చెప్పును. రాజోలునుండి గాని కొత్తపేటనుండి గాని వచ్చిన రోగికి సహజ మలద్వారము నిలుచునా, పొట్టపై సంచి తప్పదా అను నిర్ణయము ఆ చిత్రమును, వ్రేలితో చేయు పరీక్షను, కణపరీక్షను కలిపి చూచి చేయవలసినది. వ్యాపనపు అంకె వాని ప్రక్కన నిలిచినప్పుడే విలువ గలది.