కరకమలాలూ, కాయలు కాసిన చేతులూ

శిలాఫలకం కూడా ఒక రచనే. దానికీ రాయించినవాడుంటాడు, చదివేవాడుంటాడు, దాచిపెట్టిన విషయమూ ఉంటుంది. కథల్నీ కవిత్వాన్నీ కులం కోణం నుంచి నిలదీసిన మనం రాళ్లని మాత్రం నిలదీయలేదు. ఆ పని రాజమండ్రి వంతెనల దగ్గర మొదలుపెడదాం.

గోదావరి మీద తొలి రైలు వంతెన పని 1897లో మొదలై 1900లో పూర్తయింది. దానికి అప్పటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు పెట్టారు. ఇంజనీరు వాల్టన్ పేరు చరిత్రకెక్కింది. 56 స్పాన్ల ఆ వంతెన 1997 దాకా రైళ్లని మోసింది. 1974లో రోడ్డు కం రైలు బ్రిడ్జి, 1997లో ఆర్చి బ్రిడ్జి, 2015లో నాలుగోది వచ్చాయి.

ఏటి మధ్య స్తంభం లేవాలంటే ముందు బావి దింపాలి. గుండ్రంగా గోడ కడుతూ, లోపలి ఇసకా బురదా తోడేస్తూ పోతే ఆ బరువుకి బావి దిగుతుంది. గట్టినేల తగిలేదాకా అదే పని. యంత్రాలు సాయం వచ్చినా రాయి మోసిందీ, సున్నం కలిపిందీ, నీళ్లలో నానిందీ కూలిజనమే. వాళ్ల కష్టం నీటి కింద ఉంది, పెద్దల పేర్లు నీటి పైన ఉన్నాయి.

మన శిలాఫలకాల తెలుగు చూడండి. 'ఫలానా వారి కరకమలములచే ప్రారంభింపబడినది.' రిబ్బను కత్తిరించడానికి నిమిషం పట్టిన చేతులు కమలాలయ్యాయి. ఏళ్ల తరబడి తట్ట మోసిన చేతులకి ఆ వాక్యంలో చోటే లేదు. ఇది వ్యాకరణం సమస్య కాదు. చేసినవాణ్ణి తీసేసి చేయించినవాణ్ణే కర్తగా నిలబెట్టడం కులం మనకి నేర్పిన వాక్య నిర్మాణం.

'తెల్లదొరల పేర్లు తీసేసి మనవాళ్ల పేర్లు పెడితే సరి' అంటారు జాతీయవాదులు. మనవాళ్లంటే ఎవరు? కాస్త దిగువన ధవళేశ్వరంలో 1847-52 మధ్య కాటన్ ఆనకట్ట కట్టించాడు. అక్కడ రాతికెక్కిన దేశీయుడి పేరు వీణం వీరన్నది. ఆయన బ్రాహ్మణ ఉద్యోగి. ఆయన శ్రమని మేం తక్కువ చేయడం లేదు. కానీ వేలాదిమంది కూలీలున్న చోట రాయి దాకా చేరిన పేరు ఏ మెట్టు మీదిదో గమనించమంటున్నాం. ఇదే రాజమండ్రిలో కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనం' అన్నాడు. దొర రంగు మారితే చాలదన్న ఆ మాట ఫలకాలకీ వర్తిస్తుంది.

'వేలమంది పేర్లు రాయి మీద ఎలా పడతాయి?' అని కొందరు నవ్వుతారు. ఢిల్లీ ఇండియా గేటు మీద 13 వేలకు పైగా సైనికుల పేర్లున్నాయి. చెక్కాలనుకుంటే రాయికి చోటు చాలకపోవడం ఉండదు. భీమా కోరేగాం స్తంభాన్ని కంపెనీ తన విజయం కోసమే నిలబెట్టింది. అయినా అందులో మహర్ సైనికుల పేర్లు ఉండబట్టే అంబేద్కర్ 1927 జనవరి 1న అక్కడికి వెళ్లాడు, ఆ రాయి దళితుల చరిత్రయింది. పేరుంటే ఒక తరం కాకపోతే ఇంకో తరం వచ్చి చదువుకుంటుంది. పేరే లేకపోతే వారసులు వంతెన మీద నడుస్తూ కూడా అది తమదని తెలుసుకోలేరు.

ఇదిప్పుడు తేలాల్సిన విషయం. పాత హేవలాక్ వంతెనని పర్యాటక స్థలంగా మార్చే పని ఉన్న అఖండ గోదావరి పథకానికి 2025 జూన్‌లో శంకుస్థాపన చేశారు. అంటే కొత్త బోర్డులు, కొత్త ఫలకాలు వస్తాయి. వాటి మీద ఏం రాయాలో ఇప్పుడే అడగాలి. రైల్వే పాత మస్టర్లు, జీతాల పట్టీలు, ప్రమాదాల నివేదికలు ఎక్కడున్నా బయటపెట్టమనాలి. ఆ చుట్టుపక్కల మాలపల్లెల్లో, మాదిగవాడల్లో, వడ్డెర పేటల్లో ముసలివాళ్లు తమ తాతల పని గురించి చెప్పే సంగతుల్ని మన విద్యార్థులు రాసుకోవాలి. దొరికిన ప్రతి పేరూ ఫలకం మీదకి రావాలి. దొరకని వాళ్ల కోసం ఒక్క వాక్యమన్నా ఉండాలి. ఆ వాక్యంలో కర్త కూలివాడే కావాలి.